‘అట’ ఎక్కడికి పోయింది?

(విశాఖపట్నంలో డిగ్రీ అధ్యాపకులకూ, జూనియర్లకు రాతపనిలో సాయం చేసే సీనియర్ విద్యార్థులకూ ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో ఉన్నవాళ్లు కొంచెం ముందుకు రండి, ఫ్యాన్ల చప్పుడులో నా గొంతు అక్కడిదాకా రాదు. ట్యూటర్లుగా పనిచేస్తున్న పిల్లలు కూడా ముందే కూర్చోండి. ఈ రోజు సగం మాటలు మీకోసమే.

‘మన పిల్లలకి రాయడం రాదండీ’ అన్న మాట స్టాఫ్ రూముల్లో రోజూ వింటాం. ఒక్కసారి మద్దిలపాలెంలో బస్సెక్కి గాజువాకలో దిగేదాకా పక్క సీటు కుర్రాడి బొటనవేళ్లు గమనించండి. ఎన్ని మెసేజీలు కొడతాడు! ముప్పై ఏళ్ల కిందట హాస్టల్లో ఉండే డిగ్రీ కుర్రాడు పరీక్షలు కాకుండా రాసింది ఏముంటుంది? ఇంటికి నెలకో ఉత్తరం, అదీ డబ్బులు పంపమని. ఈ తరం రోజూ రాస్తోంది. కాబట్టి రాయడం రాదన్నది రోగం కాదు. రోగం ఎక్కడుందో చూడాలంటే ముందు వాళ్లు ఫోన్లో రాసేది చదవాలి. ఇదిగో నాలుగు మెసేజీలు, నేను కల్పించినవే, ఏ ఫోన్లోనైనా ఇలాంటివే ఉంటాయి:

‘రేపు క్లాస్ లేదంట’
‘మేడం ఊళ్లో లేరు’
‘రికార్డు మాత్రం ఇచ్చేయాలంట’
‘నువ్వు రాసేసావేటి’

ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. చదివే స్నేహితుడికి ఏ క్లాసో తెలుసు, ఏ మేడమో తెలుసు. తెలియకపోతే రెండు సెకన్లలో ‘ఏ మేడం?’ అని కొడతాడు, జవాబు వచ్చేస్తుంది. ఇప్పుడు ఇదే కుర్రాణ్ణి ఇదే సంగతి డిపార్ట్‌మెంట్ హెడ్‌కి కాయితం మీద రాసివ్వమనండి. ఇలా వస్తుంది: ‘రేపు తరగతి జరగదు. మేడం ఊరిలో లేరు. రికార్డు సమర్పించవలెను.’

గమనించారా? ఏ మేడమో ఇప్పుడూ చెప్పలేదు. తనవైపు నుంచి చేసిన ముఖ్యమైన మార్పులు రెండే. ‘ఇచ్చేయాలి’ తీసి ‘సమర్పించవలెను’ పెట్టాడు. ‘అంట’ కొట్టేశాడు. కాలేజీ రాత అంటే ఇంతే అని వాడి నమ్మకం.

నా ఫిర్యాదు ఆ రెండో మార్పు మీద. మనకి ‘అట’ అని ఒక మాట ఉంది, మన ఉత్తరాంధ్రలో ‘అంట’. ‘ఇది నేను చూడలేదు, విన్నాను, చెప్పినవాళ్లు వేరే’ అన్నదంతా ఆ రెండక్షరాల్లో ఇమిడిపోతుంది. నాలుగేళ్ల పిల్ల కూడా ‘నాన్న రేపు వస్తాడంట’ అని సరిగ్గా వాడుతుంది. తను చూసినదానికి వాడదు, విన్నదానికే వాడుతుంది. అదే పిల్ల డిగ్రీకి వచ్చేసరికి, అది మాట్లాడే భాష, రాతలో ఉండకూడదు అని ఎవరో చెప్పేశారు. ఉండకపోతే పోనీ. కానీ తీసేసినచోట ‘ఫలానావాళ్లు చెప్పారు’ అన్నది పెట్టాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. దాంతో చూసిందీ, విన్నదీ, ఫార్వర్డులో వచ్చిందీ అన్నీ ఒకే రంగు వేసుకుని పేజీ మీద నిలబడతాయి.

ఒక ఉదాహరణ. ‘16వ శతాబ్దంలో నికోలో కాంటి అనే ఇటలీ యాత్రికుడు తెలుగును ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అని కీర్తించాడు.’ తెలుగు మీద వ్యాసం రాయమంటే ఈ వాక్యం తప్పకుండా వస్తుంది, మన ఉపన్యాసాల్లోనూ వస్తుంది. నికోలో కాంటి విజయనగరం వచ్చింది 15వ శతాబ్దం తొలినాళ్లలో. 1469లో చనిపోయాడు. మరి 16వ శతాబ్దంలో ఎలా కీర్తించాడు? ఈ వాక్యం రాసిన పిల్లవాడు అబద్ధం చెప్పలేదు. విన్నాడు, ‘అట’ తీసేసి రాశాడు. వాడికి చెప్పినవాళ్లూ అదే చేశారు. కాబట్టి తప్పు కొట్టేసి ఎర్రసిరాతో ‘15’ అని దిద్దితే లాభం లేదు. ‘ఇది నీకు ఎవరు చెప్పారు? వాళ్లకి ఎవరు చెప్పారు?’ అని వెనక్కి నడిపించాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడివరకే రాయాలి.

క్లాసులో చేసే పద్ధతి చెబుతాను. పావుగంట చాలు. ప్రతి ఒక్కరూ తమ వ్యాసంలోంచి ఒక పేజీ తీసుకోవాలి. సుమారు పన్నెండు, పదిహేను వాక్యాలు ఉంటాయి. ప్రతి వాక్యం చివర పెన్సిల్‌తో ‘అట’ తగిలించి, పెదవులు కదిలేలా చదవాలి. ‘సిమెంటు దిమ్మ ఏడో రోజున పగిలింది’ అన్నది తన ప్రయోగం అయితే అట అతకదు, నోటికే ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘సోషల్ మీడియా వల్ల యువత చెడిపోతోందట’ హాయిగా అతుకుతుంది. అతికిన ప్రతిచోటా మార్జిన్‌లో రెండు ప్రశ్నలు రాయాలి: ఎవరట? ఎప్పుడట? పేజీలో సగానికి పైగా అతికినా కంగారు పడకండి. పాఠం చేతికి దొరికిందన్నమాట.

ఇక్కడ ఒక తేడా వస్తుంది, ముందే చెబుతున్నాను. రెండోసారి రాసుకొచ్చినప్పుడు పిల్లలు తెలివిగా ‘అని నిపుణులు చెబుతున్నారు’, ‘అని పలు అధ్యయనాలు తెలియజేస్తున్నాయి’ అని చేర్చుకొస్తారు. ఇది ముందుకన్నా అన్యాయం. ‘అట’లో కనీసం నిజాయితీ ఉంది, నాకు తెలియదు అని ఒప్పుకుంటుంది. ‘నిపుణులు’ మాత్రం ముసుగు. అప్పుడు అడగాల్సింది ఒకటే: ఆ నిపుణుడి ఇంటికి వెళ్లాలంటే ఎవరి పేరు చెప్పి దారి అడగాలి? పేరు లేకపోతే వాక్యం తీసేయాలి, లేదా ‘నేను విన్న మాట’ అని ఒప్పుకోవాలి. రెండూ గౌరవంగానే ఉంటాయి.

వాట్సాప్‌ని ఇక్కడే పాఠానికి వాడుకోవచ్చు. చేతులు మారిన మెసేజీ మీద బాణం గుర్తు ఉంటుంది కదా. ఐదు చేతులో, అంతకన్నా ఎక్కువో మారితే జంట బాణాలు. మన దేశంలో ఒక మెసేజీని ఒక్కసారికి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది 2018లో. జంట బాణాలు పడ్డవాటిని ఒక్కసారికి ఒక్క చాట్‌కే అన్నది 2020లో. అంటే ఆ గుర్తు ‘ఇది చాలామంది చెప్పిన అట’ అని చెబుతోంది. మొదటి చెయ్యి ఎవరిదో మాత్రం చెప్పదు. జంట బాణాల మెసేజీ తలా ఒకటి తెచ్చుకోమనండి, నలుగురేసి కూర్చుని ఇరవై నిమిషాల్లో మొదటి చెయ్యి వెతకమనండి. చాలా గుంపులు దొరకలేదనే చెబుతాయి. అప్పుడు ‘దొరకలేదు’ అన్న సంగతినే ఐదు వాక్యాల్లో రాయించండి: ఎక్కడెక్కడ వెతికారు, ఏ మాటలతో వెతికారు, ఎక్కడ ఆగిపోయారు. పరిశోధన రాత అంటే అదే, వాళ్లకి ఆ పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు.

భాష సంగతి ఒక్క నిమిషం. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, నోట్లో ఉన్న మాట పుస్తకంలోకి రావాలని పోరాడారు. మనకి పక్క ఊరు లెక్క. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ రోజు పెట్టే వ్యాసరచన పోటీల్లోనే ‘సమర్పించవలెను’ ఎక్కువ కనబడటం మన ప్రారబ్ధం. పాత గ్రాంథికం పోయింది కానీ ‘నేటి ఆధునిక యుగంలో’, ‘కీలక పాత్ర పోషిస్తున్నది’ అనే గైడు పుస్తకాల గ్రాంథికం ఒకటి తయారైంది. రీల్ తీసే పిల్ల మొదటి మూడు సెకన్లలో విషయంలోకి దూకుతుంది, లేకపోతే చూసేవాళ్లు వేలితో పైకి తోసేస్తారని తెలుసు. అదే పిల్ల వ్యాసం ‘మానవుడు ఆవిర్భవించిన నాటి నుండి’ అని మొదలుపెడుతుంది. నాలుగో వాక్యం దగ్గర అసలు మొదలు దొరుకుతుంది. పై మూడూ కొట్టేయమనండి. ‘రీల్ అయితే ఎక్కడ మొదలుపెడతావు?’ అని అడిగితే చాలు, తనే కొట్టేస్తుంది.

ఇప్పుడు ట్యూటర్లతో. జూనియర్ వచ్చి ‘అక్కా, ఇది ఓసారి చూడవా’ అంటాడు. మీ చెయ్యి వెంటనే పెన్ను మీదకి వెళుతుంది. ఆపండి. మొదటి సూత్రం, కూర్చున్న ముప్పై నిమిషాలూ పెన్ను వాడి చేతిలోనే ఉండాలి. మీ చేతికొస్తే మీ వాక్యం పడుతుంది, వాడు ఫెయిర్ కాపీ రాసుకుంటాడు, మార్కులు మీకొస్తాయి, వాడికి ఏమీ రాదు.

మొదటి ఐదు నిమిషాలు కాయితం బోర్లా పెట్టించి అడగండి: ప్రశ్న ఏమిటి, ఎప్పటికి ఇవ్వాలి, నీకు ఎక్కడ అనుమానం? ప్రశ్న కాయితం వెంట తెచ్చుకోనివాళ్లు చాలామంది ఉంటారు. ప్రశ్న లేకుండా జవాబు చదవడం దండగ, ఫొటో అయినా తెప్పించుకోండి. తరువాతి పది నిమిషాలు వాడే బయటికి చదవాలి. మీరు చదవకూడదు. ఎందుకంటే మీరు చదివితే మీ గొంతు తప్పుల్ని సర్దేస్తుంది. వాడు చదివితే, పొడుగు వాక్యంలో ఊపిరి అందనిచోట ఆగుతాడు, తనకే అర్థంకాని మాట దగ్గర గొణుగుతాడు. ఆగినచోటల్లా మార్జిన్‌లో చుక్క పెట్టమనండి. మిగిలిన పావుగంటలో పది నిమిషాలు ఒకే ఒక్క చుక్క మీద. ఒక్కటే. ఆఖరి ఐదు నిమిషాల్లో, ఇంటికెళ్లి మొదట చేసే పని ఏమిటో వాడే ఒక వాక్యంగా రాసుకోవాలి.

అది ఎలా నడుస్తుందో చూపిస్తాను. అంశం ప్రకృతి వైపరీత్యాలు. కుర్రాడు రాసుకొచ్చింది ఇది: ‘హుద్‌హుద్ తుపాను విశాఖపట్నానికి తీవ్ర నష్టం కలిగించింది. చెట్లు కూలిపోయాయి. ప్రజలు అనేక ఇబ్బందులు ఎదుర్కొన్నారు. మానవుడు ప్రకృతిని కాపాడుకోవాలి.’

నాలుగు వాక్యాలూ వ్యాకరణం ప్రకారం సలక్షణంగా ఉన్నాయి. దిద్దడానికి ఏమీ లేదు, అదే చిక్కు. ఊరి పేరు మార్చి ఏ తుపానుకైనా అంటించేయొచ్చు. ట్యూటర్ ఇక్కడ చెప్పకూడదు, అడగాలి. ‘అనేక ఇబ్బందులంటే ఏటి? మూడు చెప్పు.’ ‘కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు లేవు.’ ‘నీకెలా తెలుసు? అప్పటికి నువ్వు చిన్నవాడివి కదా.’ ‘మా అమ్మ చెప్పింది.’ ‘కరెంటు ఎన్నాళ్లు లేదంది?’ ‘ఎనిమిది రోజులంట.’ ఇదిగో, ‘అంట’ మళ్లీ వచ్చింది. పెన్ను కదలాల్సింది ఇక్కడే. ‘ఇప్పుడు నాతో అన్నది అన్నట్టే రాయి’ అనండి, మీరు కిటికీలోంచి బయటికి చూడండి.

ఇలా రాస్తాడనుకోండి: ‘2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. తరువాత ఎనిమిది రోజులు మా వీధికి కరెంటు రాలేదని మా అమ్మ చెప్పింది. మోటారు తిరగక మేడ మీద ట్యాంకు ఎండిపోయిందట. నీళ్ల కోసం వీధి చివరి బోరింగు దగ్గర తెల్లవారుజామునే బిందెలు పెట్టేవారట.’ తేదీ ఒక చోట నుంచి, ఎనిమిది రోజులు అమ్మ నుంచి, ట్యాంకూ బిందెలూ కూడా అమ్మ నుంచే. ఏది ఎక్కడిదో చదివేవాడికి తెలుస్తోంది. అమ్మ చెప్పిన లెక్క సరైనదో కాదో చూడాలంటే మరో ఇద్దరు ఇరుగుపొరుగుని అడగాలి, లేదా ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లి ఆ నెల పేపర్లు ఉన్నాయేమో అడగాలి. ఆఖరి ‘మానవుడు ప్రకృతిని’ వాక్యం ఏమైంది? ఎవరూ కొట్టేయమనలేదు. పక్కన బిందెలు వచ్చాక దానికి చోటు లేకపోయింది.

ఆ ఆఖరి ‘పెట్టేవారట’ ఉండనివ్వాలా అని తెలుగు మేడం ఒకరు కళ్లతోనే అడుగుతున్నారు. వ్యాసంలో ఉండనివ్వండి. ల్యాబ్ రిపోర్టులో వద్దు, అక్కడ ఎవరు కొలిచారో పేరు పెట్టి రాయాలి.

ఇక ఫోన్లో ట్యూటరింగ్. తప్పదు, అరకు, పాడేరు వైపు ఇళ్లకు వెళ్లిపోయిన పిల్లలు సెలవుల్లో ఫోన్లోనే అడుగుతారు. రాత్రి పదకొండింటికి నాలుగు ఫొటోలు పడతాయి, కింద ‘అన్నా చూడు’ అని. ట్యూబ్‌లైటు వెలుగు, పేజీ మీద ఫోన్ నీడ, కుడివైపు రెండు అక్షరాలు కోసేసి. ఇలాంటివి చదవడానికి కూర్చోకండి. నియమం పెట్టండి: పగటి వెలుగులో, పైనుంచి నిటారుగా, ఒక్కో ఫొటోకి ఒక్క పేజీ, పేజీ నంబరు వేసి. ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి, ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, పెన్సిల్ రాత అలికేసినట్టు అవుతుంది. వెంట మూడు లైన్లు ఉండాలి: ప్రశ్న ఏమిటి, గడువు ఎప్పుడు, నన్ను ఏం చూడమంటున్నావు. ఆ మూడో లైను రాసేటప్పుడే సగంమందికి తమ తప్పు తమకే కనబడుతుంది.

జవాబు వాయిస్ నోట్‌లో ఇవ్వండి, నిమిషంన్నర దాటొద్దు, ఒకే సంగతి. ‘రెండో పేజీ, పైనుంచి ఐదో లైను’ అని చోటు చెప్పాకే మాట మొదలుపెట్టండి. వాయిస్‌లో వచ్చే ప్రమాదం ఏమిటంటే, మీరు దిద్దిన వాక్యం చెబితే పాజ్ చేసుకుంటూ మాట మాటా రాసేసుకుంటారు. అందుకే అందులో ప్రశ్నలే ఉండాలి, వాక్యాలు ఉండకూడదు. టైప్ చేసిన చిన్న చిన్న జవాబులు నేనైతే వద్దంటాను. ‘ఇది అర్థం కాలేదు’ అన్న మూడు మాటలు ఎదురుగా అంటే మామూలు మాట, స్క్రీన్ మీద చదివితే చీవాట్లలా ఉంటాయి.

సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా అని వేళలు పెట్టుకోండి. ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో ఉన్న చిన్న గ్రూపులోనే ఈ మాటలు జరగనివ్వండి, విడి నంబర్లలో వద్దు. ముఖ్యంగా ఆడపిల్లలకి ఇది ఊరట. అయితే ఎవరి తప్పునీ గ్రూపులో చూపించకండి. చూపించాల్సివస్తే మీరే అలాంటి వాక్యం కల్పించండి. తరువాత డిలీట్ చేసినా, ఈలోగా ఎవరో స్క్రీన్‌షాట్ తీసే ఉంటారు.

కీబోర్డు గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. మన పిల్లలు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, ఫోన్ దాన్ని తెలుగు చేస్తుంది. చేసేటప్పుడు పైన రెండు మూడు మాటలు చూపిస్తుంది, బొటనవేలు మొదటిదాన్ని తాకుతుంది. ద, ధ, త, థ, న, ణ, ల, ళ. వీటిమధ్య తేడా ఇంగ్లీషు అక్షరాల్లో సరిగ్గా పలకదు కాబట్టి ఎంచుకునే పని కంటికి పడుతుంది. కన్ను ఆ పని నేర్చుకోలేదు. అందుకే ‘అర్థం’ కావాల్సినచోట ‘అర్ధం’ వస్తుంది, అంటే సగం. ‘నాకు పాఠం అర్ధమైంది’ అని రాస్తే సగమే ఎక్కిందని తనే ఒప్పుకున్నట్టు! ‘బాధ’ని భాద అనీ, భాధ అనీ, ‘సందర్భం’ని సంధర్భం అనీ రాస్తారు. వందసార్లు ఇంపోజిషన్ రాయిస్తే పోయే తప్పులు కావివి, చేతిరాతలో సరిగ్గా రాసేవాడు కూడా ఫోన్లో తప్పుతాడు. ఒక్కొక్కరూ తాము తరచూ తప్పే పది మాటల చీటీ రాసుకుని నోట్సు అట్ట లోపల అంటించుకోవాలి. పదే, ఎక్కువ వద్దు. టైపింగ్ అయ్యాక ఆ పదింటినీ వెతుకుడు పెట్టెలో కొట్టి చూసుకోవడానికి మూడు నిమిషాలు పడుతుంది. వాయిస్ టైపింగ్ చేసేవాళ్లకి ఇంకో ఇబ్బంది, ఫుల్‌స్టాప్‌లు రావు. పేజీ అంతా ఒకే వాక్యంలా ఉంటుంది. వాళ్లు గట్టిగా చదువుతూ ఊపిరి తీసుకున్నచోట గీత పెట్టుకుంటే సరిపోతుంది.

చాట్‌జీపీటీ సంగతి అడగకుండా వదలరు కాబట్టి నేనే చెప్పేస్తాను. అది 2022 నవంబర్‌లో వచ్చింది. దాని రాతను పట్టిస్తామనే సాఫ్ట్‌వేర్లని నమ్మి ఎవరినీ దొంగని చేయకండి, తెలుగు విషయంలో మరీ. మొదటి చిత్తుప్రతి క్లాసులోనే చేత్తో ఇరవై నిమిషాలు రాయించి, సంతకం పెట్టి తిరిగివ్వండి. చివరి ప్రతితో పాటు అదీ జతచేయాలి. రెండింటికీ పొంతన లేకపోతే పక్కన కూర్చోబెట్టుకుని ‘ఈ మాట ఎందుకు పెట్టావు’ అని అడగండి. రాసినవాడు చెబుతాడు. మళ్లీ అదే ప్రశ్న కదా: ఎవరట?

సెక్షన్‌కి అరవైమంది, ఇదంతా సాధ్యమా అని మీ మొహాల్లో కనబడుతోంది. ఒక్కో వ్యాసానికి పది నిమిషాలంటే ఆరువందల నిమిషాలు, పది గంటలు. చేయలేరు, చేయకండి కూడా. ఒక్కో వ్యాసంలో పిల్లవాడు తనే గీత గీసి చూపించిన ఒక్క పేరా చదవండి, మూడు నిమిషాలు, రెండు వ్యాఖ్యలు. అప్పుడు మూడు గంటలు. మిగతా పేజీలు జతల్లో వాళ్లే ఒకరివొకరు ‘అట’ పెట్టి చదువుకోవాలి. మీరు చదివే పేరా ప్రతిసారీ వేరేది కావాలి, లేకపోతే మొదటి పేరా ఒక్కటే మెరుస్తుంది.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలో ఒకరు: చివరి పరీక్ష పేపరు దిద్దేవాళ్లకి ఇవేవీ పట్టవు కదండీ. ‘మా అమ్మ చెప్పింది’ అని రాస్తే మార్కులు వేస్తారా?)

కొన్నిచోట్ల వేయకపోవచ్చు. అందుకే పిల్లలకి రెండూ చెప్పాలి. పరీక్షలో ‘స్థానికుల కథనం ప్రకారం’ అని రాసుకోమనండి, మార్జిన్‌లో అమ్మ పేరు అక్కర్లేదు. కానీ ఆ స్థానికులు ఎవరని ఎదురుగా అడిగితే, ‘మా అమ్మండీ, ఎనిమిది రోజులంట’ అని తడుముకోకుండా చెప్పగలగాలి. ఇంకెవరైనా?